వ్యాయామమునకు వేళ



సుప్రభాత సేవకు రాలేని వారిని సోమరులనుట సులభము. మేమును అట్లే అన్నవారమే. రాత్రి కాపలా ఉద్యోగము చేయు ఒక భక్తుడు, "అయ్యా, తెల్లవారిన తరువాతనే నాకు నిద్ర" అని చెప్పిననాడు మా మాటకు మేమే సిగ్గుపడితిమి. నిద్రకు, మెలకువకు మూలమేమో తెలిసికొనవలెనని నాడే తోచినది.

మన మెదడులో, కంటి నరములు కలియుచోటికి కొంచెము పైగా, చిన్న కణముల గుంపు ఒకటి గలదు. దేహమునకు అదియే పెద్ద గడియారము. పెక్కుమందిలో దాని చుట్టు 24 గంటలకంటె ఇంచుక ఎక్కువ. కావున దానిని ప్రతిదినము సరిచేయవలసియుండును. ఆ పని చేయువారిలో ప్రథముడు సూర్యనారాయణుడే. వెలుతురు తరువాత వ్యాయామమునకును ఆ శక్తి కొంత గలదు.

2019లో వెలువడిన ఒక పరిశోధనలో 101 మంది చేత, వేర్వేరు వేళలలో, వరుసగా 3 దినములు, దినమునకొక గంట వ్యాయామము చేయించిరి. ఉదయము 7 గంటలకు గాని, మధ్యాహ్నము 1 నుండి 4 గంటల మధ్య గాని చేసినవారి గడియారము ముందుకు జరిగినది. అనగా దేహమునకు రాత్రి త్వరగా వచ్చినది. రాత్రి 7 నుండి 10 గంటల మధ్య చేసినవారికి అది వెనుకబడినది.

కావున వేకువనే లేవగోరుచు, రాత్రి పొద్దుపోయిన పిదప చెమటలు పట్టునట్లు శ్రమించుట, ఒక చేత దీపము వెలిగించి మరొక చేత ఆర్పుట వంటిది. అట్టివారు ఉదయపు ఎండలో నడచుట మేలు. బ్రాహ్మీ ముహూర్తమున నడువలేకపోతిమని కుందనక్కరలేదు. మధ్యాహ్నపు నడకయు అక్కరకు వచ్చును. రాత్రి తప్ప తీరిక లేనివారు నడక మానవలదు. నడువకుండుట కంటె అదియే నయము. వాగ్భటాచార్యులు వ్యాయామమును సగము బలము మేరకే చేయుమన్నారు. గుండెజబ్బు గలవారు వైద్యుని అడిగి మొదలిడవలెను.

రాత్రి మేలుకొనవలసినవారి ధర్మము వేరు. గడియారము వెనుకకు జరుగుట వారికి సాయమే కావచ్చును. ఆ భక్తుడు ఇప్పుడు దీపములు పెట్టిన వేళ మాడవీధులలో గంటసేపు నడచి, స్వామిని దర్శించి, కాపలాకు పోవుచున్నాడు. మనము నిశ్చింతగా నిద్రించుటకు మేల్కొనియుండువాడు అతడే. అతని సేవ సుప్రభాత సేవకు తక్కువదని ఇక మేము అనము.

స్వస్తి.