కాన్సరు పరిశోధన నిధికై ఈత
(చెన్నపురి తెలుగు కుటుంబముల కూటమున చేసిన ప్రసంగము)



కాన్సరు పరిశోధనకు ధనము చేకూర్చుటకై మేము ఈదబోవుచున్నాము. 50 మీటర్ల కొలనును 20 మారులు ఈదిన 1 కిలోమీటరగును. దాతలు ఒక్కొక మారునకు ఇంత యని వ్రాసి యిచ్చినచో, ఈదినంత మేరకు సొమ్ము నిధికి చేరును.

ఈతకును వైద్యమునకును పొత్తేమని కొందరడిగిరి. ఫ్రాన్సున జన్మించిన బెనువా లెకోంట్ అను నాతడు, తండ్రి కాన్సరుతో మరణింపగా, ఇట్టి నిధికొరకే 1998లో అమెరికానుండి అట్లాంటిక్ సముద్రమున నీదెను. పగలు ఈదుచు, రాత్రులు పడవలో నిద్రించుచు, నడుమ అజోర్సు దీవులలో విశ్రమించి, 73 దినములకు ఫ్రాన్సు తీరము చేరెను.

అంత దూర మేల? మన నగరమున డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు, తమ సోదరి ఈ వ్యాధికి బలియైన దుఃఖమును మనసున నిడుకొని, ప్రజల చందాలతో 1954లో అడయారు కాన్సరు సంస్థను నెలకొల్పిరి. అది 12 మంచములతో ఆరంభమైనది. డాక్టరు వి. శాంతగారు 2021లో పరమపదించువరకు దానికే అంకితమైరి.

అయినను మన యిండ్లలో రాచపుండు అను మాట పలుకుటకే జంకుదురు. పిల్లల పెండ్లి సంబంధములు తప్పిపోవునని రోగమును దాచుదురు. ఇది అంటువ్యాధి కాదు. దాచిన కొలది ముదురును. తొలిదశలో గుర్తించిన నయమగునవి పెక్కు గలవు.

కావున మేము కోరునవి రెండు. మీ శక్తికొలది చందా నిండు. మీ యింట ఈ వ్యాధితో పోయినవారి పేరును దాచక వ్రాసి యిండు. ఆ పేర్లను మా టోపీలపై ధరించి ఈదెదము. చందా నీయలేనివారు పేరు నిచ్చినను మాకు చాలును.