అమెరికా స్వాతంత్ర్య యుద్ధం: దక్కిన ఊళ్లు, పోయిన సైన్యాలు

1775 ఏప్రిల్ 18 రాత్రి సుమారు 700 మంది బ్రిటిష్ సైనికులు బోస్టన్ నుంచి కాంకర్డ్ గ్రామానికి బయలుదేరారు. అక్కడ వలసవాసులు దాచిన మందుగుండును నాశనం చేయడం వాళ్ల పని. తెల్లవారేసరికి దారిలోని లెక్సింగ్టన్‌లో తుపాకీ పేలింది. ముందు పేల్చినది ఎవరో ఈనాటికీ తేలలేదు. తిరుగుదారిలో రైతులు రాతిగోడల చాటు నుంచి వెంటాడి కొట్టారు. సాయానికి వచ్చిన దళంతో కలిపి బ్రిటిష్ నష్టం, మృతులు, క్షతగాత్రులు, ఆచూకీ లేనివారు అంతా 273 మంది.

రెండు నెలలకు, జూన్ 17న, బంకర్ హిల్ పోరు జరిగింది. నిజానికి అది జరిగింది పక్కనున్న బ్రీడ్స్ హిల్ మీద. పేరు మాత్రం బంకర్ హిల్‌కే దక్కింది. రెండుసార్లు వెనక్కి తగ్గిన జనరల్ హౌ సేన, ఎదుటివారి తుపాకీ మందు అయిపోయాక మూడోసారి గుట్ట ఎక్కింది. గుట్ట దక్కింది కానీ వెయ్యిమందికి పైగా చచ్చో గాయపడో పోయారు. ఈ లెక్కే చివరిదాకా బ్రిటన్‌ను వెంటాడింది. ఊళ్లు పట్టుకోవడం దానికి కష్టం కాలేదు. పోయిన సైనికుడి స్థానంలో ఇంకొకణ్ణి తేవాలంటే మాత్రం అట్లాంటిక్ దాటించాలి.

అమెరికన్ సేనాధిపతి వాషింగ్టన్ గొప్ప యుద్ధనిపుణుడేమీ కాదు. 1776 ఆగస్టులో లాంగ్ ఐలండ్‌లో చిత్తుగా ఓడాడు. కానీ ఆ ఓటమి తర్వాత ఒక్క రాత్రిలో, పొగమంచు చాటున, సుమారు 9,000 మందిని పడవలమీద నది దాటించాడు. న్యూయార్క్ పోయింది, సైన్యం మిగిలింది. డిసెంబరు 25 రాత్రి మంచుగడ్డలు తేలుతున్న డెలవేర్ నది దాటి, మర్నాడు ట్రెంటన్‌లో బ్రిటన్ కిరాయికి తెచ్చుకున్న జర్మన్ దళం మీద పడ్డాడు. దొరికిన బందీలు సుమారు 900. సంఖ్య చిన్నదే అయినా, చెదిరిపోతున్న సైన్యాన్ని నిలబెట్టింది ఆ గెలుపే.

1777లో బ్రిటిష్ పథకం కాగితం మీద చక్కగానే ఉంది. బర్గాయిన్ కెనడా నుంచి దక్షిణానికి దిగి హడ్సన్ లోయను పట్టుకుంటే న్యూ ఇంగ్లండ్ మిగతా వలసల నుంచి తెగిపోతుంది. అయితే న్యూయార్క్‌లో ఉన్న హౌ అతనికి ఎదురు వెళ్లకుండా ఫిలడెల్ఫియా మీదికి పోయాడు. లండన్ కూడా ఇద్దరినీ ఒక తాటిమీదికి తేలేదు. అడవిదారిలో అమెరికన్లు చెట్లు నరికి అడ్డం పడేస్తుంటే సుమారు 23 మైళ్లకు బర్గాయిన్ సేనకు మూడు వారాలు పట్టింది. తిండికోసం బెన్నింగ్టన్‌కు పంపిన దళం నాశనమైంది. సెప్టెంబరు 19న, అక్టోబరు 7న సరటోగా దగ్గర జరిగిన రెండు పోరాటాలతో అతని దారి పూర్తిగా మూసుకుపోయింది. అక్టోబరు 17న సుమారు 5,800 మంది లొంగిపోయారు. రాజధాని ఫిలడెల్ఫియా పట్టుబడినా తిరుగుబాటు ఆగలేదు. సరటోగా వార్త విన్న ఫ్రాన్స్ 1778 ఫిబ్రవరిలో అమెరికాతో ఒప్పందం చేసుకుంది.

ఆ తర్వాత యుద్ధం దక్షిణానికి మళ్లింది. 1780 మేలో చార్ల్‌స్టన్ బ్రిటిష్‌వాళ్ల పరమైంది, ఆగస్టులో కామ్డెన్ పోరునూ వాళ్లే గెలిచారు. 1781 జనవరి 17న కౌపెన్స్‌లో అమెరికన్ సేనాని డానియల్ మోర్గాన్ పన్నిన వ్యూహం ఈ యుద్ధమంతటిలోకీ అందమైనది. పోరులో నిలవరని పేరుపడ్డ ఊరి దళాలను అతడు ముందు నిలిపి, రెండు విడతలు కాల్చి వెనక్కి రమ్మన్నాడు. వాళ్ల బలహీనతనే ఎరగా వాడాడు. పారిపోతున్నారనుకుని బ్రిటిష్ అధికారి టార్ల్‌టన్ సేన వరుస తప్పి ఉరికింది, రెండు పక్కల నుంచీ చిక్కుకుంది. మార్చిలో గిల్‌ఫర్డ్ కోర్ట్‌హౌస్ వద్ద గెలిచిన బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ తన సేనలో నాలుగోవంతును పోగొట్టుకున్నాడు.

చివరికి కార్న్‌వాలిస్, ఓడల మీద సరఫరా అందుతుందని యార్క్‌టౌన్ రేవులో దిగబడ్డాడు. సెప్టెంబరు 5న చెసపీక్ ముఖద్వారంలో డి గ్రాస్ నడిపిన ఫ్రెంచి నౌకాదళం బ్రిటిష్ ఓడలను తరిమేయడంతో ఆ ఆశ పోయింది. నేలమీద వాషింగ్టన్, ఫ్రెంచి సేనాని రొషాంబో సేనలు ముట్టడించాయి. అక్టోబరు 19న ఏడువేల మందికి పైగా ఆయుధాలు దించారు. జబ్బు సాకు చెప్పి కార్న్‌వాలిస్ ఆ తంతుకు రాలేదు. ఐదేళ్లకు ఆయనే గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు.

యార్క్‌టౌన్‌తో అమెరికా నేలమీద పెద్ద పోరాటాలు ముగిశాయి కానీ, ఆ యుద్ధంలో భాగంగా మొదలైన బ్రిటన్, ఫ్రాన్సుల పోరు భారత తీరంలో ఇంకా సాగింది. 1783 జూన్‌లో తమిళ తీరాన కడలూరును ఇంగ్లీషువాళ్లు ముట్టడించారు. జనవరిలోనే ఐరోపాలో సంధి షరతులు కుదిరినా ఆ కబురు జూన్ నెలాఖరుకు గానీ ఓడలో రాలేదు. అప్పటిదాకా కోటను కాపాడిన ఫ్రెంచి సేనాని, 1757లో బొబ్బిలి కోట మీదికి ఫిరంగులు నడిపించిన బుస్సీయే.