ఇక్కడికి మనం ఎప్పుడొచ్చాం?

 

పొద్దుటినుంచి అందరూ పాత జ్ఞాపకాలు చెబుతున్నారు. నేను జ్ఞాపకం పోయిన ఒక పూట గురించి చెబుతాను.

కిందటి కార్తీకంలో మా అన్నయ్యా నేనూ తెల్లవారుజామున గోదావరిలో స్నానం చేసి గట్టెక్కాం. అన్నయ్యకి 60 నిండాయి. ఆయనా ఈ బడిలోనే చదివాడు. తల తుడుచుకుంటూ "ఇక్కడికి మనం ఎప్పుడొచ్చాంరా?" అన్నాడు. చెప్పాను. రెండు నిమిషాలకి మళ్లీ అదే ప్రశ్న. నన్ను పేరు పెట్టి పిలుస్తున్నాడు, వదిన ఫోన్ నంబరు చెబుతున్నాడు. రాత్రి రైలెక్కిన సంగతి మాత్రం గుర్తులేదు. మొదట పరాచికం అనుకున్నాను. తర్వాత విసుక్కున్నాను. సత్రం గదికి తీసుకెళ్లి, వేడి కాఫీ తాగించి పడుకోమన్నాను. అలా రెండు గంటలు పోగొట్టాను. "ముందు ఆసుపత్రికి తీసుకెళ్లు బాబూ" అని వదిన ఫోనులో గట్టిగా చెప్పాకే కదిలాను.

పక్షవాతం కాదు, మూర్ఛ కాదు, చక్కెర పడిపోలేదు అని పరీక్షల్లో తేలాక డాక్టరుగారు పేరు చెప్పారు: ట్రాన్సియెంట్ గ్లోబల్ ఆమ్నీషియా. 1964లో ఫిషర్, ఆడమ్స్ అనే వైద్యులు దీన్ని వివరంగా వర్ణించారు. ఎక్కువగా 50 దాటినవాళ్లకు వస్తుంది. చన్నీళ్లలో మునిగాక, బాగా శ్రమపడ్డాక, మనసు తీవ్రంగా కదిలాక వచ్చిన సందర్భాలున్నాయి. అసలు కారణం ఇంకా తేలలేదు. మా ఇంజనీర్ల భాషలో చెప్పాలంటే పాత టేపులు మోగుతాయి, కొత్తది రికార్డు కాదు. 24 గంటల్లోపే సర్దుకుంటుంది. చాలామందికి మళ్లీ రాదు. అన్నయ్య మధ్యాహ్నానికి మామూలయ్యాడు. ఆ ఉదయం మాత్రం ఆయనకి తిరిగి రాలేదు.

అయితే "అదే తగ్గుతుందిలే" అని ఇంట్లో మనం తేల్చకూడదు. రక్తపు గడ్డవల్ల వచ్చిన పక్షవాతమైతే, దాన్ని కరిగించే మందు సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇవ్వాలి. ఎవరైనా హఠాత్తుగా అడిగిందే అడుగుతుంటే 108కి ఫోన్ చేయండి. ఎన్నింటికి మొదలైందో రాసుకోండి. ఒంటరిగా వదలకండి. బండి నడపనివ్వకండి.

మన బ్యాచ్‌లన్నీ ఇప్పుడు ఆ వయసుకి చేరుతున్నాయి కాబట్టి చెబుతున్నాను.

ఇంకొక్క మాట. విసుక్కోకండి. ఈ గదుల్లో మనం అడిగిందే అడిగినా మాస్టార్లు ఎన్నిసార్లయినా చెప్పారు. ఆ పూట అన్నయ్యకి నేనలా చెప్పలేకపోయాను. ఆయనకది గుర్తులేదు. నాకుంది.

సెలవు.