పేరు వేఱు, రుజువు వేఱు



మన తెలుగునాట మనుమనికి తాతపేరు పెట్టుట తరతరముల ఆచారము. మా తాతగారి పేరు మా పెదనాయనగారి పెద్దకుమారునకును పెట్టిరి, నాకును పెట్టిరి. ఇంటిపేరు ఒక్కటే, స్వనామము ఒక్కటే, గ్రామము ఒక్కటే. నా యౌవనమున ఒకనాడు నాకు రావలసిన మనియార్డరు సొమ్ము మా యన్నగారికి ముట్టినది. ఆయన తనకే వచ్చినదనుకొని వ్రాలు చేసి పుచ్చుకొనిరి. కాగితము అడుగున నున్న రెండు ముక్కలు చదివిన పిమ్మట సంగతి గ్రహించి, ఆ సాయంకాలమే సొమ్ము తెచ్చి నా చేతిలో పెట్టిరి. తెచ్చిన జవాను తప్పేమి? పేరు సరిపోయినది. మా యన్నగారి తప్పేమి? అది ఆయన పేరే. పేరునే మనిషి యనుకొనుటలో నున్నది తప్పంతయు.

నేడు మన పింఛను, బ్యాంకి నిలువ, భూమి పట్టా, బియ్యపు కార్డు అన్నియు కంప్యూటరులలోనికి చేరినవి. ఆ యంత్రమునకు కన్నులు లేవు. ముఖము చూచి మనలను గుర్తుపట్టజాలదు. అది మనిషిని ఎట్లు పోల్చుకొనును? తన యొద్దనున్న వస్తువును ఏ పేరున ఎఱుగును? ఈ సంగతి పెద్దలు తెలిసికొనుట యుక్తమని నేటి ప్రసంగమునకు దీనిని ఎత్తుకొంటిని.

మొదట పేరుల సంగతి. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1969వ సంవత్సరమున కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ అను వారు యూనిక్స్ అను ఏర్పాటును నిర్మింప నారంభించిరి. నేటి యెన్నో యంత్రములు ఆ మార్గముననే నడచుచున్నవి. అందులో ప్రతి మనిషికిని ఒక సంఖ్య ఈయబడును. పేరు మన సౌకర్యము కొఱకే. యంత్రము చూచునది సంఖ్యను. సున్న సంఖ్య గలవాడు సర్వాధికారి. అట్లే యంత్రములోని ప్రతి దస్త్రమునకును ఒక సంఖ్య కలదు. దస్త్రపు పేరు మార్చినను దస్త్రము మాఱదు. ఒకే దస్త్రమునకు రెండు పేరులును ఉండవచ్చును. ఇది మనకు క్రొత్త కాదు. ఊరివారు ఒక పొలమును మఱ్ఱిచెట్టు చేనందురు. ఆ మఱ్ఱి కూలిపోయినను చేను అదియే, లెక్కలో సర్వే నంబరు అదియే.

సంఖ్య పెట్టినంతమాత్రమున చిక్కు తీరినదా? లేదు. ఒకడు కొలువు విడిచి పోవును. వాని సంఖ్యను క్రొత్తగా వచ్చినవానికి ఇచ్చినచో, పోయినవాడు విడిచిన దస్త్రములన్నియు ఈ క్రొత్తవాని సొత్తగును. యంత్రము సంఖ్యనే కాని మనిషిని ఎఱుగదు గదా! అందుచేత ఒకమాఱు వాడిన సంఖ్యను మరల వాడకుండుట మేలు. మన దేశమున 12 అంకెల ఆధార్ సంఖ్యను గూర్చి 2016వ సంవత్సరపు చట్టము ఈ నియమమునే విధించినది: ఒకరికి ఇచ్చిన సంఖ్య వేఱొకరికి ఈయరాదు, ఆ సంఖ్యకును మనిషి వివరములకును ఎట్టి సంబంధము నుండరాదు.

పేరుల తికమకవలన ఎట్టి యుపద్రవము కలుగునో తెలుపుటకు ఒక నిజవృత్తాంతము చెప్పెదను. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఫెర్నాండో కోర్బాటో అను ఆచార్యుడును, ఆయన సహచరులును ఒకే యంత్రమును అనేకులు ఒక్కసారి వాడుకొను ఏర్పాటును 1961లో చేసి చూపిరి. ఎవరి పని వారికి దక్కుటకై ప్రతివారికి ఒక రహస్యపదము నుంచిరి. కొన్ని యేండ్లకు ఒకనాడు ఇద్దరు అధికారులు ఏకకాలమున వ్రాతపని చేయుచుండిరి. ఒకరు అందఱికి చూపవలసిన నాటి ప్రకటనను దిద్దుచుండిరి. వేఱొకరు రహస్యపదముల పట్టికను దిద్దుచుండిరి. దిద్దుపనికి వాడు సాధనము ఒక చిత్తుప్రతిని వ్రాసికొనును. ఒకేవేళ ఇద్దరు ఆ పని చేయరను నమ్మకముతో దాని నిర్మాతలు ఆ చిత్తుప్రతికి ఎప్పుడును ఒకే పేరు పెట్టిరి. ఇంకేమి? రెండు చిత్తుప్రతులును తాఱుమాఱైనవి. ఆ దినమున యంత్రము తెఱచిన ప్రతివానికి ప్రకటనకు బదులుగా అందఱి రహస్యపదములును ఎదుట నిలిచినవి! ఇందు దొంగ లేడు, దురాశ లేదు. రెండు వస్తువులకు ఒకే పేరు, అంతియే.

ఇట్టి యనుభవములవలన, రహస్యపదమును ఉన్నదున్నట్లు వ్రాసి యుంచరాదని పండితులు గ్రహించిరి. పసుపుకొమ్మును రోటిలో దంచినచో పొడి యగును. పొడి మరల కొమ్ము కాదు. అట్లే రహస్యపదమును ఒక గణితప్రక్రియలో దంచి, ఆ పొడిని మాత్రమే యంత్రము దాచుకొనును. మీరు మరల వచ్చి మాట చెప్పినప్పుడు దానిని దంచి, పొడితో పొడిని పోల్చి చూచును. మీ మాట యేమో యంత్రమునకును జ్ఞాపకముండదు. అయినను ఒక లోపము మిగిలినది. ఇద్దరు ఒకే మాట పెట్టుకొన్నచో ఇద్దరి పొడియు ఒక్కటే యగును. దొంగ నిఘంటువులోని మాటలన్నియు ఒక్కమాఱు దంచి యుంచుకొని, అందఱి పొడులతోను పోల్చుకొనగలడు. దీనికి విరుగుడుగా రాబర్ట్ మోరిస్, కెన్ థామ్సన్ అను వారు ఒక్కొక్కని మాటకు వేఱువేఱు చిల్లర అంకెలు కలిపి దంచు పద్ధతిని 1979లో వివరించిరి. దానికి వారు పెట్టిన పేరు ఉప్పు! నాడు ఆ ఉప్పు 4096 విధములు. నేడు అంతకు ఎన్నో రెట్లు.

ఇంతవరకు మనిషి యెవడో తేల్చుట. వానికి ఏ వస్తువుపై ఎంత అధికారమున్నదో తేల్చుట మఱియొక పని. ఇందును ఒక కథ కలదు. నార్మన్ హార్డీ అను నిపుణుడు 1988లో దీనిని వ్రాసి ప్రకటించెను. టైమ్‌షేర్ అను అమెరికా సంస్థలో పలువురు వాడుకొను ఒక ప్రోగ్రాము ఉండెను. తన లెక్కలు వ్రాసికొనుటకై సంస్థవారి సొంత అఱలోనికి పోవుటకు దానికి అనుమతి యుండెను. వాడుకొనువాడు, నా ఫలితమును ఫలానా పేరుగల దస్త్రములో వ్రాయుమని దానికి చెప్పవచ్చును. ఒకడు ఆ అఱలోనే యున్న బిల్లుల దస్త్రము పేరు చెప్పెను. దానిని తాకుటకు వానికి హక్కు లేదు, ప్రోగ్రామునకు కలదు. అది తన హక్కుతో ఆ దస్త్రముపై వ్రాసి, బిల్లుల లెక్కలన్నియు తుడిచివేసెను. జమీందారుగారి బీరువా తాళములు గుమాస్తా చేతనుండగా, ఎవడో వచ్చి ఫలానా పుస్తకములో నా పద్దు వ్రాయుమనగానే, ఆ పుస్తకమెవరిదని విచారింపక వ్రాసినట్లయినది.

దీనికి మార్గము జాక్ డెన్నిస్, ఎర్ల్ వాన్ హార్న్ అను వారు 1966లోనే సూచించి యుండిరి. వస్తువు పేరును, దానిపై అధికారమును విడదీయక, రెండును ఒకే గుర్తులో నుంచవలెను. ఆ గుర్తు దొంగగా చేయుటకు వీలుకానిదై యుండవలెను. గది తాళపుచెవి ఇట్టిదే: ఏ గదియో అదియే తెలుపును, ఆ గదిని అదియే తెఱచును. గుమాస్తాకు పుస్తకము పేరు చెప్పి ఊరుకొనక, నా పుస్తకము తాళపుచెవి నేనే తెచ్చి ఈయవలెను. నా యొద్ద లేని తాళపుచెవి నేను ఈయజాలను. కావున పరుల పుస్తకము చెడదు.

ఇక మన యిండ్ల సంగతికి వత్తము. ఆధార్ సంఖ్య, బ్యాంకి లెక్క సంఖ్య, ఫోను సంఖ్య, ఇవన్నియు పేరులవంటివి. వీనిని ఊరక చాటుకొనుట మంచిది కాదు. కాని, ఫోనులో ఎవడైన మీ సంఖ్యలు తప్పులేకుండ చదివినంతమాత్రమున వాడు బ్యాంకివాడు కాడు. పేరు తెలిసినవాడెల్ల చుట్టము కాడు గదా. ఓటీపీ యనబడు అంకెలు, రహస్యపదము, ఇవి రుజువులు. వీనిని అడిగినవానికి చెప్పుట, ఖాళీ కాగితముపై వ్రాలు చేసి యిచ్చుటతో సమానము. అధికారియైనను, మన మేనల్లుని స్నేహితుడనని చెప్పుకొన్నవాడైనను, చెప్పవలదు.

వేలిముద్రను గూర్చి ఒక్కమాట. అదియు రుజువే. కాని రహస్యపదమును మార్చుకొనవచ్చును, వ్రేలిని మార్చుకొనలేము. పొలము పని చేసిన చేతులకు గీతలు అరిగిపోవుటయు కలదు. కాబట్టి పరుల పెట్టెపై వ్రేలు మోపుటకు ముందు అందులో ఏ మొత్తము వ్రాసిరో చదువుడు, చదివింపుడు. ఒకమాఱు పడలేదని చెప్పి మరల మరల మోపుమన్నచో, ప్రతిసారి యేమి జరిగినదో అడుగుడు. కావలసినవారు తమ ముద్రలకు తాళము వేసికొను సౌకర్యమును ఆధార్ సంస్థ కల్పించినది. చదువుకొన్న పిల్లలచేత ఆ యేర్పాటు చేయించుకొనవచ్చును. బిడ్డలకైనను మీ తరపున పని చేయ నిచ్చునపుడు ఆ పని మేరకే అధికార మిండు. తాళపుచెవుల గుత్తి యంతయు ఈయవలదు.

ఆనాడు మా యన్నగారు ధర్మాత్ములు గనుక నా సొమ్ము నాకు చేరినది. ఆయన నేడు లేరు. ఆ పేరు గలవాడను మా యింట నేనొక్కడనే మిగిలితిని. అయినను కాగితముపై వ్రాలు చేయునప్పుడెల్ల, ఇది నాదేనా యని ఒక్కమాఱు అడుగున నున్న ముక్కలు చదువుట నాకు నాటినుండి అలవాటైనది. మీరును అట్లు చేయుదురని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాను.