పడిగె ముందు విమర్శకుడు

ఆధునిక కళావిమర్శలో తత్త్వశాస్త్రానికి పనేమిటన్నది ఈ సమావేశం చేపట్టిన విషయం. ఇదే చర్చ హైదరాబాదులో జరిగితే కాంట్ దగ్గర మొదలై పికాసో దగ్గర ఆగిపోయేది. పెనుబల్లిలో అది కుదరదు. ఇక్కడ కూర్చుని, కోయల పడిగెను పక్కనబెట్టి కళ గురించి మాట్లాడితే సగం విషయం వదిలేసినట్టే. నేను చెప్పదలచింది ఒక్కటే. కృతి బాగుందో లేదో తేల్చడానికి విమర్శకుడికి తత్త్వశాస్త్రం అక్కర్లేదు, సాధన చేసిన కన్ను చాలు. తన ముందున్నది అసలేమిటో, దాన్ని చూడటమంటే ఏం చేయడమో తోచనప్పుడు మాత్రం తత్త్వశాస్త్రం తప్ప వేరే దిక్కు లేదు.

పడిగె మూడు కోణాల గుడ్డ పతాకం. దాని మీద వేల్పులు, పూర్వీకులు, జంతువులు బొమ్మలై ఉంటారు. గట్టు అని పిలిచే ఒక్కో కోయ వంశశాఖ కథ అందులో ఇమిడి ఉంటుంది, కానీ ఆ బొమ్మలు తమంతట తాము కథ చెప్పవు. వేల్పులను కొలిచే కొలుపు వేళ డోలీ, కంచుతాళాల మోత మధ్య పాడేవారు పాడుతుంటేనే ఏ బొమ్మ ఎవరిదో, ఎవరికి ఎవరేమవుతారో తెలుస్తుంది. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఈ కథలను కోయ భాషలోనూ తెలుగులోనూ పాడినవారు. 2022లో పద్మశ్రీ పొంది, 2024లో కన్నుమూశారు. అలాంటి పడిగెను తెచ్చి గ్యాలరీ గోడకు అద్దం వెనక బిగించి, కింద 'గిరిజన కళ' అని చీటీ అంటిస్తే మన ముందున్నది ఇంకా పడిగేనా? గుడ్డ అదే, రంగు అదే. పాట లేదు, పాడే మనిషి లేడు, వినవలసిన వంశం లేదు.

1964లో న్యూయార్కులో ఇదే చిక్కు తిరగబడి వచ్చింది. గిన్నెలు తోమే సబ్బుపీచు వచ్చే బ్రిల్లో పెట్టెలకు చెక్కతో నకళ్లు చేయించి ఆండీ వార్హోల్ గ్యాలరీలో పేర్చాడు. దుకాణంలోని పెట్టెకూ, గ్యాలరీలోని పెట్టెకూ కంటికి కనిపించే తేడా దాదాపు లేదు. ఒకటి కళ, మరొకటి సరుకు ఎలా అయ్యాయని ఆ ఏడాదే తత్త్వవేత్త ఆర్థర్ డాంటో అడిగి, తేడా కంటిలో లేదు, కళాచరిత్ర తెలిసిన ఆలోచనలో ఉందన్నాడు. గ్యాలరీకి చేరి పెట్టె ఏదో సంపాదించుకుంది. గ్యాలరీకి చేరి పడిగె ఏదో పోగొట్టుకుంది. డాంటో ప్రశ్న మనకు పనికొస్తుంది, జవాబు మాత్రం సగమే పనికొస్తుంది. 1790లో కాంట్ చెప్పిన నిస్సంగమైన ఆస్వాదన కూడా ఇక్కడ నిలవదు. స్వప్రయోజనం లేకుండా చూసేదే సౌందర్య దృష్టి అంటే, తన తాతముత్తాతలను చూసుకుంటున్న కోయ ఇంటి మనిషి చూపు లెక్కలోకే రాదు.

మనకు రససిద్ధాంతం ఉండగా ఈ పరాయి గొడవ దేనికని కొందరంటారు. అంత తేలికగా తేలదు. అభినవగుప్తుడు చెప్పిన సాధారణీకరణంలో నాది, పరాయిది అన్న భేదం కరిగిపోవాలి. పడిగె కథ నడిచేదే 'ఇది మా వంశం' అన్న మాట మీద. అందుకని రసాన్ని పారేయమనను. దాని హద్దు ఎక్కడో ఈ గుడ్డ చూపిస్తోందంటాను. తెలుగులో సాహిత్య విమర్శ ఇలాంటి ప్రశ్నలకు ముందే అలవాటుపడింది. కట్టమంచి రామలింగారెడ్డి 'కవిత్వతత్త్వ విచారము' 1914 నాటిది. అదే ఏడాది పుట్టిన సంజీవదేవ్ తుమ్మపూడిలో ఉండి చిత్రకళనూ తత్త్వాన్నీ ఒకే వాక్యంలో కలిపి రాశారు. ఆయన తూకం ఎప్పుడూ సౌందర్యం వైపే మొగ్గిందని నా అభిప్రాయం. అయినా ఆ దారిలో ఆ తర్వాత నడిచినవాళ్లు చాలా తక్కువ.

తత్త్వం చేరితే విమర్శ బొమ్మను వదిలి పేర్ల జపంలో పడుతుందన్న ఆక్షేపణ నిజమే. ఫూకో, దెరిదా పేర్లు నిండి, ఏ రంగు పక్కన ఏ రంగు ఉందో చెప్పని క్యాటలాగు వ్యాసాలు కొల్లలు. అయితే అది ఆలోచన ఎక్కువైనందువల్ల వచ్చిన జబ్బు కాదు, ఆలోచనను అరువు తెచ్చుకున్నందువల్ల వచ్చింది. కోయలకు మీ తత్త్వశాస్త్రం ఎందుకన్నది ఇంకా బలమైన ప్రశ్న. వాళ్లకు అక్కర్లేదు, మనకే కావాలి. పైగా బొమ్మ పాటతోనే పూర్తవుతుందన్నది వాళ్ల ఆచరణలోనే ఉన్న సిద్ధాంతం. దాన్ని సమాచారంగా నమోదు చేసి ఊరుకోకుండా, కాంట్‌తోనూ అభినవగుప్తుడితోనూ సమానంగా వాదనకు నిలబెట్టడం విమర్శకుడి పని.

కనుక గ్యాలరీల వారికీ, విశ్వవిద్యాలయాల వారికీ నా విన్నపం ఇది. పడిగెను ప్రదర్శిస్తే గట్టు పేరు, పాడినవారి పేరు రాయండి, కోయ భాషలో పాటను పక్కనే వినిపించండి. ఆ ఇంటివారు వద్దంటే గోడకు ఎక్కించకండి. దాని గురించి రాయబోయే విమర్శకులు ముందు ఒక కొలుపు మొదటినుంచి చివరిదాకా కూర్చుని వినండి.