పంచరైతే ఏం చేద్దాం?

ఒమన్‌లో ఆదమ్ దాటి హైమా వైపు పోతే అంతా ఎడారే. పంచర్ షాపు సంగతి దేవుడెరుగు, నీడ కూడా దొరకదు. అందుకే బండి తీసేముందే టైర్లు చూసుకుందాం. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఎండలో తిరిగొచ్చాక కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది.

ట్యూబ్‌లెస్ టైర్లో మేకు దిగితే వెంటనే పీకొద్దు, గాలిని ఆపేది చాలాసార్లు ఆ మేకే. గాలి నిలిస్తే మెల్లగా షాపు దాకా పోవచ్చు. నిలవకపోతే పీకి, కిట్‌లోని రబ్బరు తాడును రంధ్రంలో దూర్చి, చేతిపంపుతో గాలి కొట్టుకోవాలి. ట్యూబు బండికి ఈ కిట్ పనికిరాదు. దానికి కొత్త ట్యూబు, టైరు విప్పే పట్టీలు ఉండాలి. మనలో చాలామంది బండి ఏదో చూడకుండానే కిట్ కొనేస్తాం!

ఇసుకలో ఆపితే స్టాండు కూరుకుపోతుంది, కింద చెక్కముక్క పెడదాం. నీళ్లు మాత్రం రెండు సీసాలకు తగ్గొద్దు. బయల్దేరేముందు రూములో ఒకరికి దారి చెప్పి, పోలీసుల 9999 నంబరు ఫోన్లో పెట్టుకుందాం.