చౌక మందుకు అసలు ఖరీదు

ఈరోజు ఫార్మసీ పట్టాలు అందుకున్న మీకందరికీ నా అభినందనలు.

ప్రపంచీకరణ మేలా, కీడా? మీరు చదివిన చదువే దీనికి జవాబు చెబుతుంది.

1961లో ఏర్పడిన ప్రభుత్వ రంగ మందుల సంస్థ ఐడీపీఎల్ సోవియట్ సాయంతో హైదరాబాద్‌లోని బాలానగర్‌లో మందుల ఫ్యాక్టరీ కట్టింది. అందులో పనిచేసిన కల్లం అంజిరెడ్డి గారి లాంటివాళ్లు తర్వాత సొంత కంపెనీలు పెట్టారు. 1970 నాటి పేటెంట్ల చట్టం మందు మీద కాకుండా తయారీ పద్ధతి మీదే పేటెంటు ఇచ్చింది. దాంతో అదే మందును మరో పద్ధతిలో చౌకగా తయారుచేసే వీలు కలిగింది. ఎయిడ్స్ మందులకు మనిషికి ఏడాదికి ఖర్చు 10,000 డాలర్లు దాటుతున్న రోజుల్లో, 2001లో మన దేశ కంపెనీ సిప్లా వాటిని 350 డాలర్లకే ఇస్తానంది. మందు ఉండీ కొనలేక ఆఫ్రికాలో జనం చనిపోతున్న కాలమది. అమెరికాలోనూ ఎందరో మన జెనరిక్ మందులు వాడుతున్నారు. ఇది ఎవరూ కాదనలేని మేలు.

కానీ వాణిజ్య నియమాల దగ్గర ధనిక దేశాల మాటే చెల్లింది. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం ప్రకారం 2005లో మనమూ మందుల మీద పేటెంట్లు ఇవ్వక తప్పలేదు. ఇక మందుల ముడిసరుకు కోసం చైనా మీద ఆధారపడ్డాం. 2020 మార్చిలో అక్కడి నుంచి సరఫరా దెబ్బతినేసరికి పారాసెటమాల్ సహా 26 రకాల ముడిసరుకులు, మందుల ఎగుమతిపై మనమే ఆంక్షలు పెట్టాం. మన మందుల మీద ఆధారపడ్డ ధనిక దేశాలూ అప్పుడు కలవరపడ్డాయి.

అన్నిటికంటే నన్ను బాధించేది హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు. అక్కడి ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసి వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్, ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే మోతాదును కూడా మించి ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. మందు ఓడెక్కి వెళ్లింది, మురుగు అక్కడి నక్కవాగులో మిగిలింది. నీటిని శుభ్రంగా ఉంచే ఖర్చు ఆ మందు ధరలో లేదు. దాన్ని వాగు పక్కన సేద్యం చేసుకునే రైతు భరించాడు. ఆ నీటిలో మందుకు లొంగని సూక్ష్మజీవులు పుడితే, చౌకగా కొన్న దేశాలకూ ముప్పు తప్పదు.

తలుపులు మూసుకుంటే ఇది తీరదు. మూసుకుంటే ఆఫ్రికా రోగికి మందు అందదు, మన పిల్లలకు పని దొరకదు. కొనే దేశం న్యాయమైన ధర ఇవ్వాలి, అమ్మే దేశం తన నీటిని కాపాడుకోవాలి. రెండూ కలిసి జరగాలి.

మీలో కొందరు ఫ్యాక్టరీల్లో, కొందరు ఔషధ నియంత్రణ శాఖలో, మరికొందరు విదేశీ కంపెనీల కొనుగోలు విభాగాల్లో పనిచేస్తారు. ఎక్కడ సంతకం పెట్టినా ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ ధరలో కలపని ఖర్చు ఎవరి నెత్తిన పడుతోంది? జవాబు నచ్చకపోతే ఆ మాట పైవాళ్లతో గట్టిగా చెప్పండి. అలా చెప్పగల ధైర్యం మీకు కలగాలని మనసారా ఆశీర్వదిస్తున్నాను.